చిన్నోడు ఇబిజా పోతడట

వదినా, ముందు ఆ మోటరు బంద్ చెయ్యి. ట్యాంకు నిండి గోడ పొంటి కారుతున్నది, పిలిచి పిలిచి నా గొంతు పోయింది. నీకెట్ల వినబడతది, చెవుల నిండ ఇబిజా ముచ్చటే ఉన్నదాయె. పొద్దున పాల ప్యాకెట్ల కాడ నువ్వు "మా చిన్నోడు జూన్‌ల ఇబిజా పోతడట" అనంగనే మా ఇంటాయన పేపరు మడిచి పక్కన పెట్టిండు. "యాడుంటదది, దుబాయ్ అవుతలనా?" అని నన్ను అడిగిండు. ఇంట్ల సోషల్ టీచర్‌ను పెట్టుకొని అడిగే మాటనా అది?

దుబాయ్‌కు దానికి సంబంధమే లేదు. స్పెయిన్‌కు తూర్పు దిక్కున మధ్యధరా సముద్రంల బలేరిక్ దీవులని ఉన్నయి. మల్లోర్కా అన్నిటికన్న పెద్దది, తర్వాత మెనోర్కా, ఆ తర్వాత మీవోడు పోయే ఇబిజా, దాని కిందనే చిన్న ఫొర్మెంటెరా. ఇబిజా మొత్తం కలిపి 570 చదరపు కిలోమీటర్లు. మొన్నమొన్నటి దాకా మన జీహెచ్‌ఎంసీ 650 ఉండె, లెక్క నువ్వే చూసుకో. అక్కడ కాపురం ఉండేటోళ్ళు లక్షన్నర మంది. ఏటా వచ్చిపోయేటోళ్ళు 30 లక్షల పైన.

అంతమంది ఏం చెయ్యనీకె పోతరంటవా? ఎగురనీకె. పాట పెట్టి, లైట్లు పెట్టి, తెల్లారెదాక ఎగురనీకె. నీకు అబద్ధం చెప్పి ఏం లాభం, రేపు వాడే ఫొటోలు పెడతడు.

గంత బుగులు పడకు. మన దిక్కు పోరగాండ్లు గోవ పోతలేరా? 2023 జనవరి 5న గోవల మోపా కాడ కొత్త విమానాశ్రయం మొదలైతే, అక్కడ దిగిన మొట్టమొదటి విమానం యాడిదో ఎరుకనా? మన హైదరాబాదుదే. ఇగ 2024 అక్టోబరుల సికింద్రాబాద్ నుంచి వాస్కో డ గామాకు వారానికి రెండు రోజులు రైలు కూడ ఏసిండ్రు. మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, గుంతకల్లు, హుబ్లీ మీదికెల్లి పోతది. కాసిల్ రాక్ దాటినంక దూద్‌సాగర్ జలపాతం కిటికీలకెల్లే కనబడతది. నన్నడిగితే ఆ రైలు ప్రయాణమే గోవ కన్న బాగుంటది. కని పోరగాండ్లు ఆ టైంల పై బెర్తు మీద ముసుగు తన్ని పంటరు.

గోవల దిగినంకనే ఉంటది అసలు కథ. కాలనీ కండ్లు తప్పించుకుందామని పోయినోడు బాగా బీచ్‌ల నాలుగడుగులు ఏసిండో లేదో "ఏం అన్నా, ఎప్పుడొచ్చినవ్?" అని మన అన్నోజిగూడ గొంతు వినబడతది. మా అక్క కొడుకు గట్లనే దొరికిండు. ఇంట్ల "పుణెల కంపెనీ ట్రైనింగ్" అని చెప్పిండు. వాడు చెడ్డీ మీద, చేతుల గ్లాసు పట్టుకొని నిలబడ్డ ఫొటోను మన సందుల టిఫిన్ సెంటరాయన కొడుకు స్టేటస్ పెట్టిండు. మా అక్క ఇడ్లీ కట్టించుకునెతందుకు పోతే ఆయననే ఫోన్ తీసి చూపిచ్చిండు, "మీవోడు మస్తు తెల్లబడ్డడమ్మా" అని. ట్రైనింగ్ ఎట్ల నడుస్తున్నదో ఆమెకు అక్కడనే సమజైంది.

సీసాలు తెస్తమని కొందరు ఖాళీ బ్యాగు పట్టుకొని పోతరు. అక్కడ సస్తా కదా. ఆబ్కారోళ్ళేమన్న తక్కువ తిన్నరా? రైళ్ళల్ల ఎక్కుతరు, శంషాబాద్‌ల బ్యాగులు విప్పిస్తరు. తెలంగాణల పన్ను కట్టని సీసా దొరికితే సీసా పాయె, కేసు మిగిలె. మీ పెద్దోడికి ఇది ఎరుకనే అనుకుంట. నేనేం పేర్లు పెడతలేను.

అందుకే నీ చిన్నోడు ఇంకింత దూరం పోతున్నడు. అక్కడ అన్నోజిగూడోడు దొరకడని వాని ధైర్యం. దొరుకుతడు. 2011ల జిందగీ నా మిలేగీ దొబారా అనే హిందీ సినిమా వచ్చినకాడికెల్లి మనోళ్ళు స్పెయిన్ దారి పట్టిండ్రు. రెండేండ్లకు మన పూరీ జగన్నాథ్ ఇద్దరమ్మాయిలతో తీసి అల్లు అర్జున్‌ను బార్సిలోనా సందులన్ని తిప్పిండు. మా తోటికోడలి కొడుకు ఆ బార్సిలోనాలనే ఉద్యోగం చేస్తడు. వాడు చెప్తుంటడు గదా, ఎండకాలం ఇబిజా పడవ దిగుతుంటే వెనకనుంచి తెలుగు వినబడుడు కొత్తేం కాదట.

గోవకు ఇబిజాకు చుట్టరికం ఉన్నదని నీకు తెల్వదు. 1960లల్ల అమెరికా, యూరప్ పిల్లలు యుద్ధం వద్దు, నౌకరీ వద్దు, మా నాయిన ఇల్లు వద్దు అని జుట్లు పెంచుకొని బయలుదేరిండ్రు. హిప్పీలు. కొందరు ఇబిజాల పాత రైతుల ఇండ్లు తక్కువ కిరాయికి తీసుకొని కూసున్నరు. కొందరు బస్సులల్ల టర్కీ, ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదికెల్లి మన దేశానికొచ్చి, తిరిగి తిరిగి గోవల అంజునా కాడ ఆగిండ్రు. ఎండకాలం అక్కడ, చలికాలం ఇక్కడ అని రెండు దిక్కుల తిరిగినోళ్ళు కూడ ఉన్నరు. పైసలు ఐపోయినప్పుడు ఒంటి మీది కోటు, చేతి గడియారం ఇసుకల పరిచి అమ్ముకున్నరు. అంజునా సంత అట్ల మొదలైంది, బుధవారం బుధవారం. ఇబిజాల పుంతా అరబీ అనే చోట 1973ల పెట్టిన హిప్పీ సంత కూడ బుధవారమే. ఒకరినొకరు అడిగి పెట్టుకున్నట్టే ఉన్నది. ఇప్పుడు అంజునాల హిప్పీలు ఏడున్నరు గని, అద్దాల బట్టలు, పూసల దండలు అమ్మేటోళ్ళల్ల కర్ణాటక లంబాడా ఆడోళ్ళు చానమంది ఉంటరు. మన ఘట్‌కేసర్ దిక్కు తండాల నుంచి ఎవరన్న పోతే వాళ్ళతోటి సొంత భాషల్నే బేరం చేసుకోవచ్చు.

ఆ 1973లనే ఇబిజాల పాచా అనే క్లబ్బు తెరిచిండ్రు. రెండు చెర్రీ పండ్ల బొమ్మ ఉన్న టీషర్టు మీవోడు ఆదివారం కారు కడిగేటప్పుడు ఏసుకుంటడు చూడు, అది ఆ క్లబ్బు గుర్తు. నువ్వు పండ్ల దుకాణపోళ్ళు ఫ్రీగ ఇచ్చిండ్రనుకున్నవ్. తర్వాత 1976ల ఆమ్నేసియా వచ్చింది, అది కూడ పాత రైతు ఇల్లే. 1980ల కఫే దెల్ మార్ అని సముద్రం ఒడ్డున ఒక హోటలు పెట్టిండ్రు. పొద్దు గూకే టైంకు మెల్లగ పాటలు పెట్టుడు అక్కడ మొదలై, ఆ పాటలే క్యాసెట్లై, సీడీలై లోకమంత తిరిగినయి. ఇగ ఇప్పటి క్లబ్బులల్ల పాట ఏసేటోనికి ఉండే పేరు మన దిక్కు హీరోకు ఉన్నంత. గోడలకు, బస్సులకు వాని ఫొటోలే.

ఇంతకు అక్కడ దినం ఎట్ల నడుస్తదంటే, పగలంత పంటరు, లేకుంటె ఇసుకల బోర్ల పడి ఎండకు కాగుతరు. బట్టల సంగతి అడగాలని నీకు నోటిదాక వస్తున్నదని నాకు తెలుసు. కొందరు ఏసుకుంటరు, కొందరు ఏసుకోరు, ఎవరూ ఎవరి దిక్కు చూడరు. చూసేటోడు మనోడైతె అది వేరే ముచ్చట. క్లబ్బులు రాత్రి పన్నెండు దాటినంక నిండుతయి, పొద్దున ఆరింటికి మూస్తరు. తాగి బండ్లు నడపొద్దని డిస్కో బస్సు అని రాత్రంత బస్సులే తిప్పుతరు. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఉప్పల్‌ల ఐపీఎల్ మ్యాచ్ విడిచిన రాత్రి బండ్లు ఎట్ల వస్తయో మనం చూస్తలేమా.

పైసలు అంటవా? యూరో ఇప్పుడు వంద రూపాయల పైననే ఉన్నది. పేరున్న క్లబ్బుల లోపటికి పోనీకె యాభై, అరవై, ఎక్కువ పేరుంటె వంద యూరోల దాకా. నీళ్ళ సీసాకే పది యూరోలు దాటి తీసుకునే జాగలున్నయట. ఒక్క సీసా నీళ్ళకు వెయ్యి రూపాయలు వదినా! ఇక్కడ నువ్వు ట్యాంకు నింపి గోడ పొంటి వదులుతున్నవ్.

దానికంటె ముందు వీసా. షెన్‌గెన్ అంటరు, ఒక్కటి కొడితే స్పెయిన్‌తో పాటు ఫ్రాన్స్, ఇటలీ అన్ని తిరగొచ్చు. 2024 జూన్‌ల ఫీజు 80 నుంచి 90 యూరోలు చేసిండ్రు. 30 వేల యూరోల ఆరోగ్య బీమా ఉండాలె, బ్యాంకు స్టేట్‌మెంటు, సెలవు కాగితం, హోటల్ బుకింగు, వచ్చే టికెట్టు, పోయే టికెట్టు అన్ని పెట్టాలె. ఆరు నెలల ముందునుంచి అప్లై చెయ్యనిస్తరు. మీవోడు చివరి నెలల చేస్తనన్నడా? వద్దని చెప్పు. ఎండకాలం స్లాట్ల కోసం అందరు ఒకటేసారి పడతరు. హైదరాబాద్ నుంచి ఇబిజాకు నేరుగ విమానం లేదు, ఫ్రాంక్‌ఫర్టో దోహానో మారాలె, కొన్నిసార్లు ఆ తర్వాత మళ్ళ బార్సిలోనానో మాడ్రిడో. రానుపోను రెండు రోజులు గాలిలనే పోతయి.

ఏందీ, మళ్ళ పైనింట్ల పోరగాండ్లు మొదలుపెట్టిండ్రా? అగో, నాకు కూడ వినబడుతున్నది. శనివారం పొద్దు గూకకముందే డబ్బా పెట్టిండ్రు. నిన్న నువ్వు తల పట్టుకొని ఏమన్నవ్? "కిరాయికిచ్చి నెత్తి మీద పెట్టుకున్నట్టయింది, అర్ధరాత్రి దాక దడదడ, పొద్దున గేటు కాడ ఖాళీ సీసాలు" అన్నవా లేదా? ఇగ విను. నీ చిన్నోడు పోయే శాన్ ఆంటోనియో ఊరిల కూడ ఒక వదిన ఉంటది. ఆమెకు పొద్దున పనికి పోయేదుంటది. ఆమె కిటికీ కింద నీ చిన్నోడు ఎగురుతడు.

నేను నవ్వులాటకు అంటలేను. వాళ్ళు విసిగి విసిగి చట్టమే చేసుకున్నరు. 2020 జనవరిల బలేరిక్ సర్కారు ఒక ఉత్తర్వు తీసింది. ఇబిజాల శాన్ ఆంటోనియో, మల్లోర్కాల మగలూఫ్, ప్లాయా దె పాల్మా అనే చోట్ల తాగుడు పార్టీలకు పగ్గం ఏసిండ్రు. అన్నీ కలిపి ప్యాకేజీ కట్టే హోటళ్ళల్ల మనిషికి రోజుకు ఆరే గ్లాసులు, పగటన్నంతోటి మూడు, రాత్రన్నంతోటి మూడు. ఒకటికి ఒకటి ఫ్రీ అనే ఆఫర్లు బంద్. గుంపులు గట్టి ఒక బారు నుంచి ఇంకో బారుకు తిరుగుడు బంద్. బాల్కనీ మీదికెల్లి స్విమ్మింగ్ పూల్‌ల దుంకుడు అనే పిచ్చి ఒకటుంటుండె, దుంకితే హోటల్ ఖాళీ చేయించుడే. దుంకి చచ్చిపోయినోళ్ళు ఉన్నరు, కాళ్ళు చేతులు పోయినోళ్ళు ఉన్నరు. 2024ల ఇంకింత బిగించిండ్రు. ఆ వాడలల్ల రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఎనిమిది దాక దుకాణంల సీసా అమ్మొద్దు, రోడ్డు మీద నిలబడి తాగొద్దు. తాగి దొరికితే 500 నుంచి 1,500 యూరోల జుర్మానా. ఎక్కువది పడితే లక్షన్నర రూపాయలు. ఈ ఒక్క ముక్క మీవోనికి నూరుసార్లు చెప్పు. తక్కినయన్ని వాడు ఎట్లాగు వినడు.

మన దిక్కు కూడ 2024 అక్టోబరుల సిటీ పోలీసులు మతం ఊరేగింపులల్ల డీజేలు పెట్టొద్దని ఆర్డరు తీసిండ్రు గదా. చెవుల బాధ అందరికొక్కటే.

ఇగ అసలు తిప్పలు కిరాయిలు. ఇబిజాల ఇంటోళ్ళు టూరిస్టులకు రోజు లెక్కన ఇస్తే వచ్చే పైసలు, ఊరోళ్ళకు నెల లెక్కన ఇస్తే వస్తయా? దాంతోటి అక్కడ పనిచేసే హోటలోళ్ళకే కాదు, టీచర్లకు, దవాఖాన నర్సులకు, పోలీసులకు సుత ఇల్లు దొరుకుత లేదు. వ్యానులల్ల, డేరాలల్ల పండుకునెటోళ్ళు ఉన్నరు. టీచర్ వ్యానుల పంటె, పిల్లలకు పాఠం ఎట్ల చెప్తది? నాకు ఆ వార్త చదివిన రాత్రి నిద్ర పట్టలే. 2024 మే నెలల వాళ్ళే రోడ్డెక్కి మాకు ఈ టూరిజం ఇట్ల వద్దని అన్నరు. టూరిస్టులు వద్దని కాదు, హద్దు పెట్టమని. 2025 ఎండకాలం నుంచి దీవి మీదికి వచ్చే కార్లకు కూడ లెక్క పెట్టిండ్రు, 20 వేల చిల్లర దాటొద్దని. రాత్రికి మనిషికి ఇంత అని పన్ను కూడ వసూలు చేస్తరు, సీజన్‌ల పెద్ద హోటలైతే నాలుగు యూరోల దాక.

నువ్వెందుకు మూతి ముడుచుకున్నవ్? ఇన్ఫోసిస్ వచ్చినంక ఈ పోచారంల కిరాయిలు ఏమైనయో నీకు నేను చెప్పాల్నా. నీ పైనింట్ల మొదలు ఉన్నదెవరు? సర్కారు బడి సారు, ఇద్దరు పిల్లలు. ఆ సారు ఇచ్చిన దానికి రెండింతలు ఈ నలుగురు పోరగాండ్లు ఇస్తమంటే సారును ఖాళీ చేయించినవ్. ఇప్పుడు దడదడ అంటున్నవ్. ఊకె అన్న వదినా, కోపానికి రాకు. నాకు పైన పోర్షన్ ఉంటే నేను కూడ అదే చేస్తుంటి. నా ఇంటికి లిఫ్టు లేకపాయె, మా ఇంటాయన మెట్లు కట్టియ్యకపాయె.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్పు. సముద్రంల ఎర్ర జెండా ఎగురుతుంటే దిగొద్దు. మన దిక్కు పిల్లలకు చెరువుల ఈతనే ఎరుక. చెరువు నీళ్ళు నిలబడి ఉంటయి, సముద్రం లోపటికి గుంజుతది. గోవలనైతే 2008 నుంచి దృష్టి అనే సంస్థ కాపలాదారులను పెట్టింది, ఎంతమందిని బయటికి గుంజిండ్రో. తాగి నీళ్ళల్ల దిగితే ఏ కాపలాదారైనా ఏం చేస్తడు.

వాడు ఎగిరేదుంటే ఎగరనియ్యి, ఎగరనీకె కాదంటే అంత దూరం ఎందుకు. కని ఒక్క పూట తొందరగ లేపి దల్త్ విలా చూడుమను. పాత ఊరు, గుట్ట మీద, చుట్టు కోట గోడలు. ఇబిజాను క్రీస్తు పూర్వం 654ల ఫినీషియన్లు కట్టిండ్రు. కోట గోడలు మాత్రం పదహారో శతాబ్దానివి, సముద్రపు దొంగలకు, టర్కీ ఓడలకు బుగులుపడి కట్టుకున్నరు. 1999ల యునెస్కో లిస్టుల పెట్టిండ్రు. యునెస్కో ఒక్క కోట కోసమే ఇయ్యలేదు, నీళ్ళ కింద పెరిగే గడ్డి కోసం కూడ ఇచ్చింది. పొసిడోనియా అంటరు. నాచు కాదు, పూలు పూసే మొక్క. ఇబిజాకు ఫొర్మెంటెరాకు నడుమ ఒకటే మొక్క ఎనిమిది కిలోమీటర్లు పాకి ఉన్నదని 2006ల కనుక్కున్నరు. నీళ్ళు అద్దం లెక్క ఉంటయని అందరు ఫొటోలు పెడతరు చూడు, ఆ గడ్డి బురదను పట్టుకొని ఉంచుతది కాబట్టే. పార్టీ పడవలోళ్ళు లంగరు ఏసి దాన్ని పీకుతున్నరని ఇప్పుడు దాని మీద లంగరు ఏసుడు బంద్ చేసిండ్రు. ఇంకో దిక్కు ఉప్పు మళ్ళు ఉన్నయి. ఫినీషియన్ల కాలం నుంచి ఇప్పటిదాక ఉప్పు తీస్తనే ఉన్నరు. క్లబ్బులు రాకముందు ఆ దీవికి పెద్ద ఆధారం ఆ ఉప్పు.

జూన్‌ల అక్కడ పొద్దు గూకేసరికి రాత్రి తొమ్మిది దాటి ఇరవై నిమిషాలైతది. ఏందీ? అట్లయితే సందె దీపం ఎప్పుడు పెడతరంటవా? ఈ ప్రశ్న నా సర్వీసుల ఏ పిల్లగాడు అడగలేదు వదినా. మీవోడైతే పెట్టడు, నువ్వు నిశ్చింతగ ఉండు.

మనకు కూడ బీచ్ వస్తుందట, కొత్వాల్‌గూడ కాడ ఔటర్ రింగు పక్కన ఇసుక పోసి అలలు పుట్టిస్తరట. 2025ల చెప్పిండ్రు. వస్తే మనిద్దరం పోదం, చీరలు కొంచెం పైకి పట్టుకొని. మన ఇంట్లోళ్ళు అడిగితే యాదగిరిగుట్ట అని చెప్పుదం.

ఇంకేం కట్టిస్తున్నవ్ వానికి? నాచారంల ఆమె దగ్గర చేయించిన చికెన్ పచ్చడా? రెండు సీసాలా! అయ్యో వదినా, యూరప్ దేశాలల్లకు బయటినుంచి మాంసంతోటి చేసినయి, పాలతోటి చేసినయి తేనియ్యరు. చికెన్ పచ్చడి పోదు, నెయ్యి పోదు. ఎయిర్‌పోర్టుల చూస్తే తీసి పారేస్తరు, పైనుంచి జుర్మానా. ఆవకాయ, కారంపొడి కట్టియ్యి, అవి పోతయి. ఆ రెండు సీసాలు ఏం చేస్తవ్ మరి? నువ్వు శనివారం ముట్టవు, అన్న బీపీ మనిషి. పారేసుడెందుకు, గోడ మీద పెట్టు. చిన్నగ, మూత గట్టిగ ఉన్నదా చూసుకో. ఒకటి ఇటు, ఒకటి పైన పోరగాండ్లకు ఇద్దం. నోరు నిండుగ ఉంటే డబ్బా సౌండన్న తగ్గిస్తరేమో.